ఫ్లాట్‌కు రంగులు తర్వాత, ముందు అత్తగారి సంతకం

ప్రశ్న: మేం చైతన్యపురిలో ఉంటాం. 2004లో మావారు తన జీతం డబ్బుతో, లోన్ పెట్టి ఫ్లాట్ కొన్నారు. ఆయన పేరు మీదే ఉంది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, 1,050 చదరపు అడుగులు, డబుల్ బెడ్‌రూమ్. 2016లో లోన్ తీరిపోయింది. రెండేళ్ల కిందట ఆయన గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. మా అత్తగారు నల్గొండలో మరిది దగ్గర ఉంటారు. అమ్మాయి హనుమకొండలో ఉంటుంది, నన్ను అక్కడికే వచ్చేయమంటోంది. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. దసరాకు రెండు వారాలు వస్తాడు, ఆలోపు అమ్మకం పూర్తి చేసేద్దాం అంటున్నాడు. ఫ్లాట్‌కు 58 లక్షలు వస్తాయని అనుకుంటున్నాం. బ్రోకర్ 2 శాతం అడిగాడు, అంటే లక్షకు పైగా అతనికే పోతుంది. అందుకే నేనే అమ్ముకోవాలనుకుంటున్నాను. రంగులు వేయించి, వంటగదిలో మాడ్యులర్ అల్మరాలు పెట్టిస్తే మంచి ధర వస్తుందా? బాత్రూమ్ వెనక గోడకు చెమ్మ ఉంది. ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి ఎవరెవరో చూడటానికి వస్తారంటే టెన్షన్‌గా ఉంది. పూజగదిలో మావారు చేయించిన టేకు మందిరం ఉంది. అది ఉంచితేనే ఇల్లు తొందరగా పోతుందని పక్కింటావిడ అంటోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, చైతన్యపురి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవి రంగుల గురించి, అల్మరాల గురించి. కానీ మధ్యలో "మా అత్తగారు నల్గొండలో మరిది దగ్గర ఉంటారు" అని ఒక్క మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మీ ఫ్లాట్ అమ్మకానికి గోడల రంగు కంటే ఆ మాటే ఎక్కువ ముఖ్యం.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం, మగవాడు వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తి భార్యకు, పిల్లలకు, బతికి ఉన్న తల్లికి సమానంగా వస్తుంది. తల్లి కూడా మొదటి వరుస వారసురాలే. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియదు. భార్యాపిల్లలదే ఆస్తి అనుకుంటారు. మీ ఇంట్లో మీరు, అబ్బాయి, అమ్మాయి, అత్తగారు కలిసి నలుగురు. నలుగురికీ తలా పావు వాటా. మీరు ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నా, ఈఎంఐలకు మీ ఇంటి ఖర్చులు తగ్గించుకున్నా, కాగితం మీద ఈరోజు మీది పావు వాటానే. కొనేవాళ్ల లాయరు ఫైలు తెరవగానే అడిగే మొదటి ప్రశ్న, "ఆయన తల్లి ఉన్నారా?" అనే. అప్పటికి మీ దగ్గర జవాబు లేకపోతే, ఎంత మంచి రంగు వేసినా ఆ పార్టీ మళ్లీ ఫోన్ చేయదు.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని నల్గొండ ప్రయాణం. కాగితం పట్టుకుని కాదు, ఊరికే వెళ్లి పలకరించండి. కొడుకు పోయిన తల్లి ఆవిడ. ఫ్లాట్ అమ్ముతున్నామన్న మాట ఆవిడ మీ నోటి నుంచే వినాలి. ఆవిడ తన వాటా మీకు వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించుకోవచ్చు. వద్దు, నా వాటా డబ్బు నాకు కావాలంటే అది ఆవిడ హక్కు. అప్పుడు సేల్ డీడ్‌లో ఆవిడ కూడా మీతో పాటు అమ్మేవాళ్లలో ఒకరుగా సంతకం చేస్తారు. రెండూ న్యాయమైన దారులే. ఆవిడకు చెప్పకుండా దాటిపోవడం మాత్రం దారి కాదు. ఆవిడ కదలలేని స్థితిలో ఉంటే, రిజిస్ట్రేషన్ అధికారి ఇంటికే వచ్చి సంతకం తీసుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. నల్గొండలోనే ఎలా చేయించాలో అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే చెబుతారు. ఈలోపు మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. తహసీల్దార్ ఆఫీసు నుంచి అది చేతికి రావడానికి కొంత సమయం పడుతుంది. అందులో అత్తగారి పేరు ఉందో లేదో చూసుకోండి.

ఇక మీ అబ్బాయి లెక్క. రెండు వారాల్లో పార్టీని చూసి, బేరం కుదిరి, వాళ్లకు బ్యాంక్ లోన్ వచ్చి, రిజిస్ట్రేషన్ అయిపోవడం జరిగే పని కాదు. లోన్ తీసుకునే పార్టీ అయితే బ్యాంకు లాయరు చూడటానికి, ఇంజినీరు వచ్చి విలువ కట్టడానికే వారాలు పడతాయి. ఆ రెండు వారాలను సంతకాలకు వాడుకోండి. అబ్బాయి తన వాటాను మీ పేర వదులుకోవడానికి మనస్ఫూర్తిగా సిద్ధమైతే, వచ్చినప్పుడు స్వయంగా వెళ్లి ఆ దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. అమ్మాయి కూడా ఒప్పుకుంటే అదే రోజు ఆమెదీ అయిపోతుంది. అప్పటికి అత్తగారు కూడా తన వాటా వదులుకుని ఉంటే ఫ్లాట్ మీ ఒక్కరి చేతికి వస్తుంది, తర్వాత ఎప్పుడు అమ్మినా ఎవరూ విమానం ఎక్కాల్సిన పని ఉండదు.

దీనిలో పన్ను కోణం కూడా ఉంది. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోసి మీ పాన్ మీద ప్రభుత్వానికి కడతారు. 58 లక్షలకు 58 వేలు. అది మామూలే, మీ లెక్కలో తర్వాత సర్దుబాటు అవుతుంది. కానీ అమ్మేవాళ్లలో ఒకరు విదేశంలో ఉంటే, వారి వాటా సొమ్ముకు ఈ 1 శాతం వర్తించదు. ప్రవాసుల రేటు 12.5 శాతం, పైన సెస్సు కోయాలి. కొనేవాళ్లకు ఇది వేరే తలనొప్పి. ఈ మాట విని వెనక్కి తగ్గే పార్టీలు ఉంటారు. అబ్బాయి తన వాటా ఉంచుకోదలిస్తే అది అతని ఇష్టం. అప్పుడు అక్కడి భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లెలి పేర పంపమనండి. అది మన దేశానికి చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి ఈ గడువు మరిచిపోతారు.

తర్వాతిది ఫైలు. మా నాన్నగారి ఇల్లు వనస్థలిపురంలో మేమే అమ్మాం, బ్రోకర్ లేకుండానే. పది మంది చూశారు, ఒక టీచర్ దంపతులకు చాలా నచ్చింది, ధర కూడా కుదిరింది. తీరా వాళ్ల బ్యాంకు లాయరు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపించే ధ్రువపత్రం) తీస్తే, ఎప్పుడో తీర్చేసిన లోన్ తాలూకు తనఖా ఇంకా అలాగే కనిపిస్తోంది. లోన్ కట్టేశాం, రసీదు ఉంది, అయినా తనఖా రద్దు చేయించే పని బ్యాంకు చేయలేదు, మేం అడగలేదు. దాన్ని సరిచేయించడానికి పది వారాలు తిరిగాం. ఆ దంపతులు ఆరు వారాలు ఎదురుచూసి, వాళ్ల అమ్మాయి స్కూలు మొదలవుతోందని ఇంకో ఇల్లు చూసుకున్నారు. వాళ్ల మీద నాకు ఏమాత్రం కోపం లేదు. నా ఇంటి కాగితాలు నేనే ముందు చూసుకోనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీకు అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఈ వారమే తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ ఫ్లాట్ ఈసీ తీయించండి. 1983 నుంచి లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అందులో బ్యాంకు పేరు కనిపిస్తే ముందు ఆ పని మీద పడండి. లోన్ తీరినప్పుడు ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ వెనక్కి వచ్చాయా? మావారు చూసుకున్నారులే అనుకోకండి, బీరువా తీసి ఒక్కొక్కటీ చూడండి. మీ సేల్ డీడ్ ఒక్కటే చాలదు. బిల్డర్‌కు ఆ స్థలం ఎలా వచ్చిందో చెప్పే లింక్ డాక్యుమెంట్లు, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ఉంటే అది, మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను, లోన్ తీరిందన్న బ్యాంకు లేఖ, అన్నీ కావాలి. లింక్ డాక్యుమెంట్ల కాపీలు మీ దగ్గర లేకపోతే సొసైటీ దగ్గరో, పాత ఫ్లాట్ ఓనర్ల దగ్గరో ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ కూడా తీసుకోవచ్చు.

ప్లాను దొరికాక ఒక్క విషయం చూడండి: అందులో మీ మూడో అంతస్తు ఉందా? ఆ రోజుల్లో కట్టిన చిన్న అపార్ట్‌మెంట్లలో కొన్నింటికి ప్లానులో ఉన్న అంతస్తుల కంటే పైన ఒకటి ఎక్కువ లేపారు. మీ అంతస్తు ప్లానులో ఉంటే ఆ కాగితమే మీకు పెద్ద బలం. ఉంటే ప్రకటనలోనే రాయండి. సేల్ డీడ్‌లో మీకు రాసిన అవిభాజ్య స్థలం ఎన్ని గజాలో, పార్కింగ్ రాసి ఉందో లేదో కూడా చూసి పెట్టుకోండి. పాత ఫ్లాట్ కొనేవాళ్లు గదుల కంటే గజాలనే ముందు అడుగుతారు, ఎప్పటికైనా బిల్డింగ్ పడగొట్టి కడితే మిగిలేది ఆ స్థలమే కాబట్టి.

ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, సొసైటీ నుంచి మెయింటెనెన్స్ బకాయి లేదన్న లేఖ, నీటి కనెక్షన్ అందరికీ ఒకటే అయితే దాని బకాయి సంగతి, ఇవన్నీ ఒక రోజు పని. ఇంటిపన్ను ఇంకా మీవారి పేరు మీదే వస్తుంటే కంగారు పడకండి, కానీ పాత బాకీ ఏదైనా ఉంటే కట్టేయండి.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. మీకు ఒక పక్క సరూర్‌నగర్ చెరువు, ఇంకో పక్క మూసీ. 2020 అక్టోబర్ వరదల తర్వాత, 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక మరీ, హైదరాబాద్‌లో ఇల్లు కొనే ప్రతి ఒక్కరూ "ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫర్‌లో గానీ ఉందా?" అని అడుగుతున్నారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, బఫర్ అంటే దాని చుట్టూ కట్టడాలు కూడని జాగా. అడగడంలో తప్పు లేదు, జీవితమంతా కూడబెట్టిన డబ్బు కదా. చెరువుల హద్దుల మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. మీ బిల్డింగ్ ఎక్కడ పడుతుందో అమ్మాయితో కూర్చుని చూసి, ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. వాన నీళ్లు సెల్లార్‌లోకి ఎప్పుడైనా వచ్చాయా అని అడిగితే, వచ్చుంటే వచ్చాయనే చెప్పండి. వాచ్‌మన్‌ను అడిగితే ఎలాగూ తెలిసిపోయే సంగతే అది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. బాత్రూమ్ వెనక గోడకు చెమ్మ ఉందని రాశారు. పెయింటర్‌ను పిలిస్తే గోరుతో గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేసి పోతాడు. నెల రోజులు బాగుంటుంది. తర్వాత సరిగ్గా అక్కడే బుడగలు లేస్తాయి, పెచ్చులు ఊడతాయి. పైగా కొనేవాళ్లు తెలివైనవాళ్లు. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడే కొత్తగా మెరుస్తుంటే చేయి పెట్టి చూస్తారు. దాచారన్న అనుమానం ఒక్కసారి వస్తే, ఇంకేం దాచారోనని ఇల్లంతా వెతుకుతారు. మామూలుగా చూస్తే కనిపించని లోపం అమ్మేవాళ్లకు తెలిసి ఉంటే కొనేవాళ్లకు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం కూడా అంటోంది.

అందుకని ముందు పెయింటర్‌ను కాదు, మంచి ప్లంబర్‌ను పిలవండి. చెమ్మ మీ బాత్రూమ్ నుంచి వస్తోందా, పై ఫ్లాట్ నుంచి దిగుతోందా, బయటి గోడ పగులులోంచి వాన నీరు వస్తోందా, ఇది తేలాలి. సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఆ బాత్రూమ్ రెండు మూడు రోజులు వాడకుండా వదిలేసి, గోడ మీద చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. వాడకం ఆపితే గీత లోపలికి ఆరుతూ వస్తే తప్పు మీ పైపులోనో, టైల్స్ సందుల్లోనో ఉంది. ఆరకపోతే పై ఫ్లాట్ వాళ్లను కూడా రెండు రోజులు సాయం అడగండి. ఎండగా ఉన్న రోజుల్లో ఆగి, వాన కురిసినప్పుడే పెరిగితే బయటి గోడ. టైల్స్ సందులు అరిగిపోయి ఉంటే గ్రౌటింగ్ చేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. పైపు లీకైతే పగలగొట్టక తప్పదు. ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. బాగు చేశాక గోడ పూర్తిగా ఆరాలి. వానలు వెనక్కి తగ్గేదాకా ఆ గోడకు రంగు వేయించకండి. ప్లంబర్ బిల్లు, పగలగొట్టినప్పుడు తీసిన ఫోటోలు దాచి పెట్టండి. "ఇక్కడ చెమ్మ ఉండేది, ఫలానా నెలలో ఇలా బాగు చేయించాం" అని మీరే ముందు చూపిస్తే, వచ్చినవాళ్లకు మిగతా ఇంటి మీద కూడా నమ్మకం కుదురుతుంది.

మాడ్యులర్ అల్మరాలు వద్దు. ఇల్లు కొన్నవాళ్లు గృహప్రవేశానికి ముందే వంటగది తమకు నచ్చినట్టు మార్చుకుంటారు. మీరు పెట్టిన ఖర్చు ధరలో తిరిగి రాదు. గట్టు మీద నూనె జిడ్డు, పసుపు మరకలు వదిలించి, సింక్ కింద లీకు ఆపి, చిమ్నీనో ఎగ్జాస్ట్ ఫ్యానో తుడిపిస్తే చాలు. ఇంటికి లేత రంగు ఒక్కటే, అన్ని గదులకూ అదే. కారే కుళాయిలు, వెలగని స్విచ్‌లు, కిర్రుమనే తలుపులు, వదులైన గడియలు, చిరిగిన దోమల మెష్, ఇలాంటివన్నీ ఒక కాగితం మీద రాసి, ఎలక్ట్రీషియన్‌ను, కార్పెంటర్‌ను పిలిచి ఒక్క రోజులో చేయించండి. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు కుళాయి తిప్పుతారు, స్విచ్ నొక్కుతారు, కిటికీ తెరుస్తారు. వాళ్ల చేయి ఆడే చోటల్లా అన్నీ పనిచేయాలి.

బట్టలు, పుస్తకాలు, అటక మీద ఇత్తడి సామాను, వాడని కూలర్, ఇవన్నీ ఎలాగూ హనుమకొండ వెళ్లేటప్పుడు సర్దాల్సినవే, ఇప్పుడే మొదలుపెట్టండి. ఖాళీగా ఉన్న హాలు అదే హాలు అయినా పెద్దగా కనిపిస్తుంది. మీవారి బట్టల బీరువా దగ్గరకు వచ్చేసరికి చేయి ఆడదు, నాకు తెలుసు. ఆ ఒక్క బీరువాకు తాళం వేసి ఉంచండి. అమ్మాయి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి తీయండి. ఇల్లు అమ్మడానికి అది అడ్డు కాదు.

ధర సంగతి. 58 లక్షలు అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? పక్క బ్లాకులో ఎవరో అన్న మాటైతే నమ్మకండి. ప్రకటనల్లో కనిపించేవి అమ్మేవాళ్లు ఆశించే ధరలు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో కనిపించేది ప్రభుత్వ విలువ. ఈ రెండింటి మధ్య ఎక్కడో అసలు ధర ఉంటుంది. మీ బిల్డింగ్‌లోనో పక్క బిల్డింగ్‌లోనో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్ ఇంటి నంబరు తెలిస్తే దాని ఈసీ కూడా తీయించండి. ఎంతకు రిజిస్టర్ అయిందో అందులో ఉంటుంది. అసలు ఇచ్చిన సొమ్ము అంతకంటే ఎక్కువ అయి ఉండవచ్చు, కానీ అంతకంటే తక్కువ కాదని మీకు ఒక నేల దొరుకుతుంది. ఆ ఓనర్లను నేరుగా అడగడానికి మొహమాటపడకండి. మీ పరిస్థితి చెబితే చాలామంది నిజం చెబుతారు. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరం అయితే దానికి విలువ ఉంది, లిఫ్ట్ మొరాయిస్తుంటే దానికి తగ్గింపు ఉంది. బేరానికి రెండు మూడు లక్షలు ఉంచుకుని చెప్పండి. పది లక్షలు పెంచి చెబితే ఫోనే రాదు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. ఆషాఢంలో మనవాళ్లు ఇళ్లు కొనరు, భాద్రపద బహుళంలో మహాలయ పక్షాలు. ఈ నెలల్లో కాగితాలు, ప్లంబింగ్ పనులు పెట్టుకోండి. దసరాకు అబ్బాయి సంతకాలు. గోడలు ఆరాక రంగులు. దీపావళి దాటగానే ప్రకటన. కార్తీకంలో చూసేవాళ్లు ఎక్కువ, ముహూర్తాలు కూడా దొరుకుతాయి. మూఢం ఎప్పుడు వస్తుందో పంచాంగంలో ముందే చూసి పెట్టుకోండి, లేకపోతే రేపో మాపో అనుకున్న రిజిస్ట్రేషన్ నెలల తరబడి వాయిదా పడుతుంది.

ఫోటోలు ఉదయం వెలుతురులో, కిటికీలు తెరిచి, ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయించండి. బాల్కనీలో ఆరేసిన బట్టలు తీసేయండి. పార్కింగ్, లిఫ్ట్, మెట్లు కూడా తీయండి. ప్రకటనలో పొగడ్తలు అక్కర్లేదు. ఇలా రాయండి: "చైతన్యపురి, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, 1,050 చదరపు అడుగులు, స్థలం వాటా ఇన్ని గజాలు. తూర్పు ముఖం, లిఫ్ట్, ఒక కారు పార్కింగ్. 2004లో కొన్న మొదటి ఓనర్ కుటుంబం. ప్లాను, ఈసీ, లింక్ డాక్యుమెంట్లు సిద్ధం. బ్యాంక్ లోన్‌కు ఇబ్బంది లేదు. ఓనరే నేరుగా అమ్ముతున్నారు." ముఖం ఏదైతే అదే రాయండి. నోబ్రోకర్, 99ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ లాంటి వాటిలో అమ్మాయి నంబరుతో పెట్టించండి, మీ నంబరుతో వద్దు. కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో, గుడి దగ్గర, వాచ్‌మన్లకు చెప్పండి. పాత కాలనీల్లో ఫ్లాట్లు ఎక్కువగా అక్కడివాళ్లే తమ చుట్టాల కోసం కొంటారు.

ప్రకటన పెట్టిన గంటకే బ్రోకర్లు ఫోన్ చేస్తారు. "మా దగ్గర రెడీ పార్టీ ఉంది" అంటారు. కోప్పడకండి. "పార్టీని తీసుకురండి, మీ కమీషన్ వాళ్ల దగ్గరే తీసుకోండి, నేను ఇవ్వను" అని చెప్పి, అదే మాట మెసేజ్‌లో కూడా పంపండి. ఇంకొక రకం ఫోన్లు వస్తాయి. ఆర్మీ ఆఫీసర్‌నని చెప్పి, ఇల్లు చూడకుండానే నచ్చిందని, టోకెన్ అడ్వాన్స్ పంపుతాను ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటారు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ ఉండదు. ఫోన్ పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇల్లు చూపించడానికి శని, ఆదివారాలు ఉదయం రెండు గంటలు అని సమయం పెట్టుకోండి. ముందు రోజే పేరు, ఫోన్ నంబరు తీసుకుని వాచ్‌మన్‌కు ఇవ్వండి, రిజిస్టర్‌లో రాయించండి. ఆ సమయంలో పక్కింటావిడనో, తమ్ముడి కొడుకునో కూర్చోబెట్టుకోండి. ఒక్కదాన్నే ఉంటానని ఎవరికీ చెప్పకండి. బంగారం లాకర్‌లో పెట్టేయండి. సాయంత్రం చీకటి పడ్డాక ఎంత బతిమాలినా వద్దు. నిజంగా కొనేవాళ్లు మళ్లీ ఆదివారం వస్తారు. దిక్సూచి పట్టుకుని వాస్తు సిద్ధాంతిని తెచ్చుకుంటామంటే రానివ్వండి. ఆయన ఏదో లోపం చెప్పినా వాదించకండి. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ తెప్పించారా, మెయింటెనెన్స్ ఎంత, పైన పిల్లలు గెంతుతారా, ఇలాంటివి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇరవై ఏళ్లు ఉన్న మనిషి నోటి నుంచి వచ్చే ఆ మాటలు ఏ బ్రోకరూ చెప్పలేడు.

ఒరిజినల్ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. జిరాక్సులు ఇవ్వండి, ప్రతి పేజీ మీద అడ్డంగా "పరిశీలన కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి ఇవ్వండి. బ్రోకర్ డబ్బు మిగిల్చుకున్నా లాయరు ఫీజు మిగుల్చుకోకండి. బయానా తీసుకునే ముందు అగ్రిమెంటు మీ లాయరే రాయాలి: మొత్తం ధర, ఇచ్చిన అడ్వాన్సు, మిగతాది ఎప్పటికి, లోన్ రాకపోతే అడ్వాన్సు సంగతి ఏమిటి, మీరు వెనక్కి తగ్గితే ఏమిటి. చాలామంది సగం తెల్లగా, సగం నల్లగా ఇస్తామంటారు, స్టాంపు ఖర్చు తగ్గుతుందని. హైదరాబాద్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అది కొనేవాళ్ల ఖర్చు. దాన్ని తప్పించడానికి మీరెందుకు భయపడుతూ బతకాలి? ఆస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ ఆపైన గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా పడవచ్చు. బీరువాలో నోట్ల కట్టలు పెట్టుకుని ఒంటరిగా పడుకోవడం మీకు అసలే మంచిది కాదు. మొత్తం బ్యాంకు ద్వారానే అని మొదటి రోజే చెప్పండి.

లాభం మీద పన్ను ఉంటుంది. మీకు వచ్చినది వారసత్వంగా కాబట్టి మీవారు 2004లో కొన్న ధరనే లెక్కలోకి తీసుకుంటారు. 2024 జూలై 23 నుంచి నియమాలు మారాయి. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్క వేయడం) లేకుండా 12.5 శాతం, లేదా పాత ఆస్తులకు ఇండెక్సేషన్‌తో 20 శాతం, మీకు ఏది తక్కువ అయితే అది ఎలా వస్తుందో సీఏ దగ్గర లెక్క వేయించండి. హనుమకొండలో రెండేళ్ల లోపు చిన్న ఇల్లు కొన్నా, మూడేళ్ల లోపు కట్టుకున్నా లాభంలో ఆ మేరకు పన్ను ఉండదు. ఇల్లు వద్దనుకుంటే ఆరు నెలల లోపు ప్రభుత్వం గుర్తించిన బాండ్లలో 50 లక్షల దాకా పెట్టవచ్చు, ఐదేళ్లు కదలదు. 2004 నాటి రిజిస్ట్రేషన్ రసీదులు, ఇంటికి చేయించిన పెద్ద పనుల బిల్లులు ఉంటే పారేయకండి.

రిజిస్ట్రేషన్ రోజు డబ్బు మొత్తం మీ ఖాతాలో పడ్డాకే సంతకం. డీడీ అయితే ముందు రోజే ఫోటో తీసుకుని బ్యాంకులో సరిచూసుకోండి. ఇద్దరు సాక్షులు కావాలి, మీ తరఫున ఒకరిని తీసుకెళ్లండి. తాళాలు ఇచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. గ్యాస్ సిలిండర్, ఇంటర్నెట్, ఓటరు చిరునామా, పెన్షన్ వచ్చే బ్యాంకులో చిరునామా మార్చుకోవాలి.

చివరికి మందిరం. అది ఉంచితేనే ఇల్లు పోతుందన్నది నిజం కాదు. కొన్నవాళ్లకు వాళ్ల ఇలవేల్పు, వాళ్ల పద్ధతి ఉంటాయి, చాలామంది తమ మందిరం తామే తెచ్చుకుంటారు. మీవారు చేయించిన ఆ టేకు మందిరాన్ని మీతో హనుమకొండ తీసుకెళ్లండి. కాకపోతే గోడకు మేకులతో బిగించిన వస్తువు ఇంటితోపాటే వస్తుందని కొనేవాళ్లు అనుకోవడం సహజం. అందుకే చూడటానికి వచ్చిన మొదటి పార్టీకే "మందిరం మేం తీసుకెళతాం" అని చెప్పండి, అగ్రిమెంటులో కూడా ఒక వాక్యం రాయించండి. తీసేటప్పుడు కార్పెంటర్‌తో విప్పించి, గోడకు పడిన రంధ్రాలు పూడ్పించి, ఆ చోట రంగు వేయించి ఇవ్వండి.